రేపటి పిండి లెక్క

ఇంగ్లండులో నార్విచ్ అని ఒక ఊరుంది. అక్కడి జాన్ ఇన్నెస్ పరిశోధన కేంద్రంలో కొన్నేళ్ల కిందట శాస్త్రవేత్తలు ఒక చిన్న మొక్కను మోసం చేసి చూశారు. ఆ మొక్క పేరు అరాబిడాప్సిస్. ఆవాల కుటుంబంలోది. మన పెరట్లో మొలిస్తే కలుపు అని పీకి పారేస్తాం. ప్రపంచంలోని ప్రయోగశాలలు మాత్రం దాన్ని అపురూపంగా పెంచుకుంటాయి. దానికి రోజూ పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి అలవాటు చేశారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఎనిమిది గంటల వెలుగు కాగానే దీపాలు ఆర్పేశారు.

ఎందుకలా చేశారో తెలియాలంటే మొక్క రాత్రి ఎలా గడుపుతుందో తెలియాలి. పగలు ఎండలో ఆకు చక్కెర తయారుచేస్తుంది. అందులో కొంత అప్పటికప్పుడు వాడుకుంటుంది, కొంత పిండిపదార్థంగా మార్చి ఆకులోనే దాచుకుంటుంది. పొద్దు గూకాక సంపాదన ఉండదు. తెల్లారేదాకా ఆ నిల్వను కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ బతకాలి. నిల్వ మధ్యలో అయిపోతే మొక్క ఆకలితో పడి ఉంటుంది, ఎదుగుదల ఆగిపోతుంది. బాగా మిగిలిపోయినా నష్టమే, ఎందుకంటే ఆ పిండితో ఇంకో ఆకో వేరో పెరిగి ఉండేది. మామూలు రోజుల్లో తెల్లారేసరికి ఆ మొక్క తన నిల్వలో నూటికి సుమారు తొంభై అయిదు పాళ్లు ఖర్చు పెట్టేస్తుంది. రాత్రంతా ఒకే వేగంతో ఖర్చు చేస్తుంది.

మరి నాలుగు గంటల ముందే చీకటి పడితే? నిల్వ తగ్గింది, రాత్రి పెరిగింది. పాత వేగంతోనే కరిగించుకుంటూ పోతే తెల్లారడానికి చాలా ముందే ఖాళీ. మొక్క అలా చేయలేదు. చీకటి పడగానే ఖర్చు తగ్గించుకుంది. ఎంత తగ్గించాలో అంతే తగ్గించింది. రోజూ తెల్లారే వేళ దాకా నిల్వ సరిగ్గా సరిపోయింది. వృక్షశాస్త్రవేత్త అలిసన్ స్మిత్, గణితం తెలిసిన మార్టిన్ హోవర్డ్, వాళ్లతో పనిచేసినవాళ్లు కలిసి 2013లో ఈ సంగతి ప్రకటించారు. ఉన్న పిండి ఎంత, తెల్లారడానికి ఇంకెన్ని గంటలు, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఆకు చేస్తున్న పని అదేనని వాళ్లు తేల్చారు. మెదడు లేదు, నరాలు లేవు. రెండు రకాల అణువుల్లో ఒకటి పనిచేస్తుంటే రెండోది దాన్ని అడ్డుకుంటూ ఉంటే చాలు, ఆ భాగహారం జరిగిపోతుందని వాళ్ల నమూనా చెప్పింది.

ఈ సంగతి చదివినప్పటినుంచి టిఫిన్ హోటలుకి వెళ్లిన ప్రతిసారీ నాకు అదే గుర్తుకొస్తోంది. హోటలు నడిపేవాళ్లకి రోజూ ఎదురయ్యే చిక్కు కూడా సరిగ్గా ఇదే కాబట్టి.

మా వీధి చివర ఒక చిన్న హోటలుంది. యజమానికి అరవై దాటి ఉంటాయి. రేపు పొద్దున్న జనం ఎంతమంది వస్తారో ఆయన ఈ మధ్యాహ్నమే చెప్పగలగాలి. మినప్పప్పు మధ్యాహ్నం నానాలి, సాయంత్రం గ్రైండర్లో పడాలి, రాత్రంతా పిండి పులియాలి. పొద్దున్న ఏడింటికి జనం ఎక్కువొచ్చారని అప్పటికప్పుడు ఇడ్లీ పిండి తయారవదు. ఒకరోజు రెండు గంటల వేళ, రద్దీ తగ్గాక, గల్లాపెట్టె దగ్గర కూర్చుని లోపలున్న కుర్రాడికి ఆయన చెబుతుంటే విన్నాను. "రేపు శనివారంరా. పొద్దున పిండి మామూలే. సాయంత్రానికి ఇంకో నాలుగు కిలోల పప్పు విడిగా నానబొయ్యి. రాత్రికి అందరూ ఫలహారాలే." శనివారం రాత్రి అన్నం మానేసేవాళ్లు ఎంతమందో ఆయనకి ఏ కాగితం మీదా రాసి లేదు. కాలేజీకి సెలవా, పెళ్లి ముహూర్తాలున్నాయా, వాన పట్టిందా, కార్తీక మాసమా, ఇవన్నీ కలిసి ఆయన నోట్లోంచి ఇన్ని కిలోలు అని ఒక అంకెగా బయటికొస్తాయి. చలికాలంలో పిండి త్వరగా పులియదు కాబట్టి గంట ముందే రుబ్బించాలి. ఎండాకాలంలో త్వరగా పులిసిపోతుంది కాబట్టి ఆలస్యంగా రుబ్బించాలి.

లెక్క తప్పి పిండి చాలకపోతే పొద్దున్నే వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోతారు. వరసగా రెండుసార్లు అలా వెళ్లినవాళ్లు పక్క హోటలుకి అలవాటుపడతారు. మిగిలితే కొంత దారి ఉంది. పులిసిన పిండిలో కాస్త ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపితే సాయంత్రానికి పునుగులు. మన వంటింట్లో పుట్టిన ఈ ఉపాయం హోటలుకి ఎంత డబ్బు మిగిల్చిందో లెక్కలేదు. పునుగుల బండి పెట్టినవాళ్లకి ఇప్పుడు అదే అసలు వ్యాపారమైంది కూడా.

హోటలు బిల్లు చూసి మనం ఇంట్లో అనే మాట ఒకటుంది. ఈ డబ్బుతో ఇంట్లో పాతిక ఇడ్లీలు చేసుకోవచ్చు కదా అని. నిజమే, చేసుకోవచ్చు. ఇంట్లో ఇడ్లీకి అద్దె కట్టనక్కర్లేదు, జీతాలివ్వనక్కర్లేదు. రెస్టారెంటు వ్యాపారంలో ఉన్నవాళ్లు దేశదేశాల్లో పాటించే ఒక మోటు లెక్క ఏమిటంటే, వడ్డించిన పదార్థం ధరలో సరుకుల ఖర్చు మూడో వంతు దగ్గర ఉండాలి. మిగతా రెండు వంతుల్లోంచే జీతాలు, అద్దె, గ్యాసు, కరెంటు, పగిలిన గ్లాసులు, ఆపైన ఏదైనా మిగిలితే లాభం. అద్దెకి వాన తెలియదు. జనం వచ్చినా రాకపోయినా నెలాఖరుకి ఇంటివాడు వస్తాడు. పొద్దున్న ఎనిమిదింటికి ఖాళీగా ఉండిపోయిన కుర్చీని పదకొండింటికి తీసుకొచ్చి అమ్ముకోలేరు. ఆ గంట పోయింది, అంతే. మొక్కకైనా అంతే. మబ్బు పట్టిన రోజు ఎండ మర్నాడు తిరిగిరాదు. ఉన్నచోటే ఉండి, వచ్చినదానితో సరిపెట్టుకోవాల్సిన రెండు జీవితాలివి.

ఇడ్లీకీ దోసెకీ ధరలో ఎందుకంత తేడా అని ఎప్పుడైనా ఆలోచించారా? రెండింటిలోనూ బియ్యం, మినప్పప్పే. దోసెకి కాస్త నూనె ఎక్కువ, మసాలా దోసైతే కాస్త కూర. ఆ మాత్రానికి ధర అంత పెరగక్కర్లేదు. అసలు సంగతి పెనంలో ఉంది. ఇడ్లీ పాత్రలో ఒకేసారి డజన్ల కొద్దీ ఉడుకుతాయి, ఉడికేంతసేపు మాస్టరు ఇంకో పని చూసుకోవచ్చు. పెనం మీద నాలుగో అయిదో దోసెలు పడతాయి, వాటి పక్కనే మాస్టరు నిలబడి ఉండాలి. పొద్దున్న తొమ్మిది గంటల రద్దీలో హోటలు మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన చోటు ఆ పెనమే. ఇడ్లీకంటే అదనంగా మనం దోసెకి కట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ రెండు మూడు నిమిషాల పెనానికి అద్దె. పైగా ఇడ్లీ ముందే చేసి ఉంచవచ్చు. దోసె అలా కాదు, మనిషి వచ్చి కూర్చుని చెబితేనే పెనం మీద పిండి పడాలి.

మనిషి వచ్చాకే వండే ఈ పద్ధతి ఒక పువ్వుకి కూడా తెలుసని 2019లో బయటపడింది. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాఖ్ హదానీ బృందం సముద్రతీరాల్లో పెరిగే ఒక పసుపు పువ్వుల మొక్కతో ప్రయోగం చేసింది. సాయంత్రం విచ్చుకునే జాతి అది. ఎగిరే తేనెటీగ రెక్కల చప్పుడును రికార్డు చేసి ఆ పూలకి వినిపించారు. మూడు నిమిషాల్లో పూలలోని మకరందం తీపి పెరిగింది. బాగా హెచ్చుస్థాయి శబ్దాలు వినిపిస్తే పెరగలేదు. నిశ్శబ్దంలోనూ పెరగలేదు. రెక్కల చప్పుడుకి పూరేకులు సన్నగా కంపిస్తున్నాయని కూడా కొలిచి చూశారు. ఎప్పుడూ తియ్యగానే ఉంచుకోవచ్చు కదా అని అడగొచ్చు. మకరందంలోని చక్కెర వచ్చేది ఆకు పగలంతా సంపాదించిన నిల్వలోంచే. ముందే తీపి చేసి పెడితే చీమలు వచ్చి తినిపోతాయి, సూక్ష్మజీవులు చేరి పులియబెడతాయి. పుప్పొడి మోసుకుపోయేవాడు గడపలోకి వచ్చాడని తెలిశాక తీపి పెంచితే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

కీటకాలను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క ఇంకా జాగ్రత్తపరురాలు. అమెరికాలోని కరోలినా రాష్ట్రాల తడినేలల్లో పుట్టిన మొక్క అది. దాని ఆకు ఉచ్చులో సన్నటి నూగు వెంట్రుకలుంటాయి. ఒకసారి తగిలితే కదలదు. వానచుక్క అయి ఉండొచ్చు. సుమారు ఇరవై సెకన్లలోపు రెండోసారి తగిలితే మూసుకుంటుంది. అప్పుడైనా జీర్ణరసాలు వెంటనే కుమ్మరించదు. లోపల పడ్డ పురుగు పెనుగులాడుతూ వెంట్రుకలను ఇంకా తాకాలి. అయిదు తాకిళ్లు దాటాకే జీర్ణరసాల తయారీ జోరందుకుంటుందని జర్మనీలో రైనర్ హెడ్రిచ్ బృందం 2016లో చూపించింది. రసాల తయారీకి ఖర్చవుతుంది, ఊరికే మూసుకుంటే మళ్లీ తెరుచుకునేదాకా వేట ఉండదు. అందుకే అన్ని మెట్లు.

ఇక సరుకు తెచ్చిపోసేవాళ్ల సంగతి. పాలవాడు, కూరగాయలవాడు, గ్యాసువాడు లేనిదే హోటలు లేదు. వాళ్లతో ఖాతాలు, అరువులు, అలకలు ఉంటాయి. మొక్కకి ఆ ఖాతా నేల కింద ఉంది. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందే చేలో మినుములు చల్లుతారు. వరి కోశాక మిగిలిన తేమతో ఆ పైరు పెరుగుతుంది. ఒక మినప మొక్కను మెల్లగా పీకి, మట్టి దులిపి, వేళ్లు చూడండి. ఆవగింజంత, కొన్నిచోట్ల మిరియమంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదమండి. లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్న బుడిపె. వెలిసిపోయి ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే పని మానేసింది. ఆ ఎరుపు రంగు మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కి దగ్గర చుట్టమైన పదార్థానిది. బుడిపెలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, మొక్క దానికి చక్కెర ఇస్తుంది.

మరి బాక్టీరియా చక్కెర తింటూ నత్రజని ఇవ్వడం మానేస్తే? అమెరికాలో టోబీ కీర్స్, ఆమె సహచరులు సోయా మొక్కల మీద ఈ ప్రశ్న వేశారు. కొన్ని వేళ్ల చుట్టూ గాలిలోని నత్రజనిని తీసేసి, దాని బదులు ఆర్గాన్ వాయువు నింపారు. అక్కడి బాక్టీరియా ఇవ్వాలనుకున్నా ఏమీ ఇవ్వలేదు. మొక్కకి ఆ కారణం అక్కర్లేదు. సరుకు రాని బుడిపెలకి ఆక్సిజన్ అందడం తగ్గిపోయింది. వాటిలోని బాక్టీరియా మిగతావాటితో పోలిస్తే సగమే వృద్ధి చెందింది. 2003లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ ఫలితానికి వృక్షశాస్త్రంలో వాడే పేరు ఆంక్షలు. దేశాల మధ్య వాడే మాటను వేళ్ల దాకా తీసుకెళ్లారు. మనం పొద్దున్నే తినే ఇడ్లీలోని మినప్పప్పు ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల్లోంచే వచ్చింది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

కారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో నిలబడితే తుమ్ములు తెప్పించే ఆ ఘాటు మొక్కకి ఊరికే రాలేదు. మిరపకి పుట్టిల్లు అమెరికా ఖండాలు. బొలీవియాలో అడవి మిరప మీద జాషువా ట్యూక్స్‌బరీ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. అక్కడ ఒకే జాతిలో కొన్ని మొక్కలకి కారం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. పురుగులు కాయకి కన్నం పెట్టిన చోట బూజు చేరి విత్తనాలను పాడుచేస్తుంది. కారం ఆ బూజును అడ్డుకుంటుంది. అలాంటప్పుడు అన్ని మొక్కలూ కారంగా ఎందుకు లేవు? నీటి ఎద్దడి వచ్చినప్పుడు కారం మొక్కలు కాసే విత్తనాలు, కారం లేని మొక్కలతో పోలిస్తే సగానికి పడిపోయాయి. వాన బాగా పడి బూజు బెడద ఎక్కువైన చోట కారం మొక్కలు ఎక్కువ, ఎండిన చోట తక్కువ. పిట్టలకి ఆ మంట తెలియదు. విత్తనాన్ని నమలకుండా మింగి దూరంగా వదిలేది అవే కదా.

ఇక టమాటా. 2023లో టమాటా రెండు రకాలుగా వార్తల్లోకెక్కింది. మార్చిలో హదానీ బృందమే ఇంకో ఫలితం ప్రకటించింది. నీళ్లు లేక వాడుతున్న టమాటా మొక్క, కాండం తెగిన టమాటా మొక్క గంటకి ముప్పై నుంచి యాభైసార్లు చిటుక్కుమని శబ్దం చేస్తాయట. మన చెవికి అందని హెచ్చుస్థాయి శబ్దాలవి. బాగున్న మొక్క గంటకి ఒక్కసారి కూడా చేయదు. కాండంలోని నీటి గొట్టాల్లో గాలి బుడగలు ఏర్పడి పగలడం వల్ల ఈ శబ్దాలు వస్తున్నాయని వాళ్ల అభిప్రాయం. అది మొరపెట్టుకోవడం అని చాలా పత్రికలు రాశాయి. పరిశోధకులు మాత్రం ఆ మాట అనలేదు.

జూలై వచ్చేసరికి టమాటా కిలో కొన్నిచోట్ల రెండువందల రూపాయలు దాటింది. మదనపల్లె మార్కెట్ పేరు దేశమంతా మార్మోగింది. ఉత్తర, తూర్పు భారతంలోని మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు బర్గర్లలోంచి టమాటా తీసేశాయి. మన టిఫిన్ హోటళ్లవాళ్లలో చాలామంది ధరల బోర్డు ముట్టుకోలేదు. టమాటా పచ్చడి మానేసి అల్లం పచ్చడి, పల్లీ పచ్చడి పెంచారు. సాంబారులో చింతపండు పెరిగింది. ఎందుకంటే రోజూ వచ్చేవాడికి ఇడ్లీ ధర కంఠతా వచ్చు. అయిదు రూపాయలు పెంచితే గుర్తుంచుకుంటాడు, పచ్చడి మారితే సర్దుకుంటాడు. పెంచిన ధర తర్వాత తగ్గించడం కూడా అంత తేలిక కాదు. సెప్టెంబరు నాటికి టమాటా ధర కూలిపోయింది. అప్పుడు కష్టం హోటలు నుంచి రైతు ఇంటికి మారింది.

మొక్కల గురించి ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. 1970లలో మొక్కలకి ప్రేమ తెలుసు, మనసులో మాట తెలుసు, సంగీతం తెలుసు అంటూ అమెరికాలో ఒక ప్రచారం చెలరేగింది. ప్రయోగాలతో పరీక్షిస్తే అవి నిలవలేదు. ఆ దెబ్బకి మొక్కల ప్రవర్తన మీద పనిచేయాలంటేనే చాలాకాలం శాస్త్రవేత్తలు జంకారు. అంతకు ఎంతో ముందే మన జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో అత్తిపత్తి ఆకుల్లో విద్యుత్ సంకేతాలు ఎలా పాకుతున్నాయో తాను తయారుచేసుకున్న పరికరాలతో కొలిచాడు. ఆయన చూపిన దారి అది, కొలిచి చెప్పడం. బఠాణీ మొక్కలు గాలివాటును బట్టి వెలుగు ఎటు వస్తుందో నేర్చుకుంటాయని 2016లో ఒక ఫలితం వచ్చింది. 2020లో అదే ప్రయోగం ఇంకొకరు జాగ్రత్తగా చేసి చూస్తే ఆ నేర్చుకోవడం కనబడలేదు. ఇలాంటివి బయటపడటం మంచిదే. మొక్క మనలాగే ఏడుస్తుందని చెప్పి దాన్ని గొప్ప చేయాల్సిన పని లేదు. చీకట్లో కూర్చుని భాగహారం చేస్తోందని తెలిస్తే నాకు అంతకన్నా ఎక్కువ ఆశ్చర్యం.

ఆ భాగహారం ఎక్కడ తప్పుతుందో కూడా శాస్త్రవేత్తలు చూశారు. 2010లో అలిసన్ స్మిత్ బృందం అరాబిడాప్సిస్‌ను ఇరవై ఎనిమిది గంటల రోజులో పెట్టింది. పద్నాలుగు గంటల వెలుగు, పద్నాలుగు గంటల చీకటి. మొక్క తన నిల్వను, క్రితం తెల్లవారినప్పటి నుంచి సుమారు ఇరవై నాలుగు గంటలకి సరిపెట్టుకుంది. మిగతా నాలుగు గంటలూ ఆకలితో గడిపింది. దాని లోపలి గడియారం తెల్లారాలని చెప్పింది, బయట తెల్లారలేదు. జన్యువుల్లో మార్పు వల్ల పదిహేడు గంటలకే రోజు పూర్తయ్యే గడియారం ఉన్న మొక్కలూ ఉన్నాయి. అవి మామూలు రోజుల్లో తెల్లారకముందే నిల్వ ఖాళీ చేసుకుని బక్కచిక్కిపోతాయి. వాటినే తీసుకెళ్లి పదిహేడు గంటల రోజులో పెడితే నిల్వ మళ్లీ తెల్లారేదాకా సరిపోయింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా వీధి హోటలాయన చేసుకున్న లెక్క కూడా తెల్లారుతుందన్న లెక్కే. ముందురోజు నానబోసిన పప్పు, రుబ్బిన పిండి అలాగే ఉండిపోయాయి. చుట్టుపక్కల ఇళ్లకి గిన్నెలతో పంచిపెట్టాడు. నెలల తరబడి అద్దె నడిచింది, పెనం చల్లగా ఉంది. ఆయన మళ్లీ తెరిచాడు. మొదటి వారం సగం పిండే రుబ్బించాడు, రెండో వారం ఇంకాస్త పెంచాడు. ఇక ఆకు సంగతికొస్తే, అందులో ఈ లెక్క కట్టేది ఏ అణువులో, గడియారం వాటికి మిగిలిన గంటల్ని ఎలా చేరవేస్తోందో తేల్చే పని ప్రయోగశాలల్లో ఇంకా నడుస్తోంది.